లక్క ప్లేటు నేర్పిన పాట: బ్లూస్ నుంచి గ్యారేజ్ రాక్ దాకా

ఆఫ్రికన్ అమెరికన్ గాయని పాడిన తొలి బ్లూస్ రికార్డు 1920 ఆగస్టు 10న న్యూయార్కులో తయారైంది. పాట పేరు ‘క్రేజీ బ్లూస్’, పాడినామె మేమీ స్మిత్, రికార్డు తీసిన కంపెనీ ఓకే. నల్లజాతి వాళ్లు డబ్బు పెట్టి రికార్డులు కొంటారన్న నమ్మకం అప్పటి కంపెనీలకు లేదు. ఆ పాట కట్టిన పెర్రీ బ్రాడ్‌ఫోర్డ్ గడప గడపా తిరిగి చివరికి ఓకే వారిని ఒప్పించాడు. ప్లేటు అంగళ్లకు చేరాక కంపెనీలవాళ్ల లెక్క తప్పని తేలిపోయింది. రైళ్లలో పనిచేసే పోర్టర్లు ఉత్తరాది నగరాల్లో కట్టలుగా కొని, దక్షిణాది ఊళ్లకు మోసుకుపోయి అమ్మారు. ఆ తర్వాత దాదాపు ప్రతి కంపెనీ ‘రేస్ రికార్డ్స్’ పేరిట నల్లజాతి కొనుగోలుదార్ల కోసం వేరే వరస తెరిచింది. ఆ పేరులోనే వివక్ష ఉంది. అయినా ఆ వరసలు లేకపోతే ఈ సంగీతంలో చాలా భాగం పాడినవాళ్లతోనే పోయేది.

పాట మాత్రం రికార్డుకంటే పాతది. మిసిసిపీ, యాజూ నదుల మధ్య డెల్టా అని పిలిచే ఒండ్రు నేల ఉంది. అక్కడంతా పత్తి. 1865లో బానిసత్వం రద్దయినా భూమి చేతులు మారలేదు. నల్లజాతి కుటుంబాలు దొర పొలాన్ని పాలుకు సాగు చేసి, విత్తనానికీ తిండిగింజలకీ దొర కొట్లోనే అప్పుపడేవి, పంట చేతికొచ్చాక లెక్క చూస్తే బాకీ మిగిలేది. శనివారం రాత్రి చెక్కపాకల్లో నాట్యం, తాగుడు, జూదం. వాటి మధ్య ఒక గిటారు. బ్లూస్ పెరిగిన చోటు అది. పాట కట్టు తేలికైనది. ఒక పాదం పాడి, అదే మళ్లీ పాడి, మూడో పాదంతో ముడి విప్పడం. పాదానికీ పాదానికీ నడుమ గిటారు బదులు చెబుతుంది. వేలికి సీసా మెడనో చాకునో తగిలించి తీగల మీద జారిస్తే గిటారు గొంతెత్తి ఏడ్చినట్టుంటుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఒక మాట చెబితే బ్లూస్ స్వరం పట్టుబడుతుంది: సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ గొంతు నిలకడ లేకుండా ఊగే చోటు ఒకటుంది. పియానో మెట్లమీద ఆ చోటు దొరకదు. బ్లూస్ గాయకుడు ఉండేది అక్కడే.

ఈ పాటల్లో గొప్పవి అనేకం ఒక కుర్చీల కంపెనీ పుణ్యాన మిగిలాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్ట్ వాషింగ్టన్ ఊళ్లో విస్కాన్సిన్ చెయిర్ కంపెనీ అని ఒకటుండేది. సామాను చేస్తూ చేస్తూ గ్రామఫోను పెట్టెలు కూడా చేయడం మొదలుపెట్టింది. పెట్టె అమ్ముడుపోవాలంటే దాని మీద తిరిగే ప్లేటూ కావాలి కదా అని పారామౌంట్ పేరుతో రికార్డులు తీసింది. సంగీతం మీద ప్రేమ ఇసుమంతైనా లేదు. వీలైనంత చవగ్గా తీసి పోస్టులో అమ్మడమే పని. ఆ పొదుపు బుద్ధే మేలు చేసింది. పెద్ద గాయకులకు డబ్బివ్వలేక, పెద్ద కంపెనీలు తలుపు దగ్గరే ఆపేసే మనుషుల్ని లోపలికి పిలిచింది. టెక్సస్ వీధుల్లో గిటారు వాయించుకునే అంధ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్, గుడారపు ప్రదర్శనల్లో పేరు మోసిన మా రైనీ, డెల్టాకు పెద్దదిక్కనదగ్గ చార్లీ ప్యాటన్, అతని వెంట వచ్చిన సన్ హౌస్, 1931లో వచ్చిన స్కిప్ జేమ్స్ అందరూ పారామౌంట్ వాళ్లే. ప్యాటన్‌ను, జేమ్స్‌ను కంపెనీకి పంపినవాడు హెచ్. సి. స్పియర్. మిసిసిపీలోని జాక్సన్ నగరంలో, ఫారిష్ వీధిలో అతనికి గ్రామఫోను దుకాణం ఉండేది. తెల్లవాడే. కౌంటరు వెనక నిల్చుని నల్లజాతి ఖాతాదార్లు ఏం అడుగుతున్నారో విని చెవి పదును పెట్టుకున్నాడు.

ఆ రోజుల రికార్డు లక్కతో చేసింది. లక్క, రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చొత్తేవాళ్లు. ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశంనుంచే. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో కుసుమ, మోదుగ చెట్ల మీద పురుగు పెట్టిన లక్కను గిరిజనులు గీకి అమ్మితే, కలకత్తా రేవునుంచి ఓడల్లో వెళ్లేది. తెలుగు నాటక పద్యాలు మోసిన ప్లేట్లూ ఆ సరుకే. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగితే ఒక వైపున మూడు నిమిషాల పాట పడుతుంది. పాకలో తెల్లవారేదాకా సాగదీసే పాటను గాయకుడు మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. ఎక్కడ ఎత్తుకోవాలి, ఎన్ని చరణాలు, ఎక్కడ ఆపాలి అన్న కూర్పు అలా వచ్చింది. పారామౌంట్ వాళ్లు అక్కడా పొదుపే చూశారు. వాళ్ల లక్క మిశ్రమం నాసిరకం. కొత్త ప్లేటు మీద కూడా ముల్లు గరగరలాడేది. మాంద్యం దెబ్బకు 1932లో స్టూడియో మూతపడ్డాక లోహపు అచ్చులు చాలావరకు తుక్కు కింద పోయాయి. కొన్ని పాటలకు ప్రపంచం మొత్తం మీద ఒకటో రెండో ప్లేట్లు మాత్రమే మిగిలాయి. ముప్పావు డాలరుకు అమ్మిన ఆ సరుకు ఇప్పుడు పలికే ధర వేరు. టామీ జాన్సన్ పాడిన ఒక పారామౌంట్ ప్లేటు 2013లో వేలంలో 37,100 డాలర్లకు పోయింది.

ప్లేటు ఇంటింటికీ చేరాక గురువు పక్కనే ఉండవలసిన పని లేకపోయింది. దానికి సరైన సాక్ష్యం రాబర్ట్ జాన్సన్. నాలుగు దార్ల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మనమ్మి గిటారు విద్య సంపాదించాడన్న కథ అతని చుట్టూ అల్లుకుంది. ఆ కథ అంతకుముందు టామీ జాన్సన్ గురించి చెప్పుకున్నదే. కథ రంజుగా ఉంటుంది కానీ మనిషికి అన్యాయం చేస్తుంది. రాబర్ట్ జాన్సన్ చెవి ఒగ్గింది రికార్డులకు. స్కిప్ జేమ్స్ పియానో మీద వాయించిన ‘22-20 బ్లూస్’ను గిటారు మీదికి తెచ్చి ‘32-20 బ్లూస్’ చేశాడు. కొకోమో ఆర్నల్డ్ ప్లేటు మీది పాటను ‘స్వీట్ హోమ్ చికాగో’గా మలిచాడు. లీరాయ్ కార్, లానీ జాన్సన్‌ల జాడలు కూడా అతని పాటల్లో వినిపిస్తాయి. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలోని గంటర్ హోటల్లో, 1937 జూన్‌లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేశాడు. పియానోలో ఎడమచేయి మోగించే మంద్రపు నడకను గిటారు కింది తీగల మీద బొటనవేలితో నడుపుతూ, మిగతా వేళ్లతో పై తీగల మీద పాట వాయించడం అతని నేర్పు. విన్నవాళ్లు ఇద్దరు వాయిస్తున్నారనుకున్నారు. 1938 ఆగస్టు 16న గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయేనాటికి అతనికి 27 ఏళ్లు. 1961లో కొలంబియా కంపెనీ అతని పాటలు కొన్నిటిని ఎల్పీగా వేశాకే బయటి ప్రపంచానికి పేరు తెలిసింది.

1941లో అలాన్ లోమాక్స్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున రికార్డింగ్ యంత్రం వేసుకుని క్లార్క్స్‌డేల్ దగ్గరి స్టోవాల్ ఎస్టేటుకు వెళ్లాడు. అక్కడ మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ అనే సేద్యగాడు పాడాడు. తన గొంతు తనకే ప్లేటు మీద వినిపించాక అతనికి ధైర్యం వచ్చింది. 1943లో రైలెక్కి చికాగో చేరాడు. ఊళ్లో అందరూ పిలిచే పేరే అక్కడా నిలిచింది: మడ్డీ వాటర్స్. చికాగో బార్లలో రణగొణధ్వని ఎక్కువ, మామూలు గిటారు వినపడదు. అందుకని కరెంటు గిటారు పట్టాడు. పోలండునుంచి వలస వచ్చిన లెనర్డ్, ఫిల్ చెస్ అన్నదమ్ముల కంపెనీ 1948లో అతని పాటలు రెండు వేసింది. సరుకు వెంటనే చెల్లిపోయింది. రెండేళ్లకు ఆ కంపెనీయే చెస్ రికార్డ్స్ అయింది. మడ్డీ బ్యాండులో లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్‌ను చవకరకం మైకుతో కలిపి రెండు చేతుల్లో బిగించి, ఆంప్లిఫయరులోకి ఊదేవాడు. బుల్లి వాయిద్యం శాక్సఫోనంత బొంగురుగా మోగేది. 1952లో అతని ‘జూక్’ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. బేస్ వాయించే విల్లీ డిక్సన్ పాటలు రాసేవాడు. మడ్డీకీ హౌలిన్ వుల్ఫ్‌కీ అతను రాసినవే ఎక్కువ పేరు తెచ్చాయి.

బొంగురు, గరగర, పగిలిన ధ్వని అంతవరకు ఇంజనీర్లకు తప్పులు. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకు ఐక్ టర్నర్ బ్యాండు ‘రాకెట్ 88’ రికార్డు చేయడానికి వచ్చింది. దారిలో ఆంప్లిఫయరు స్పీకరు దెబ్బతిన్నది. బాగుచేసే తీరిక లేక ఫిలిప్స్ అందులో కాగితాలు కుక్కాడు. గిటారు బరబరా మోగింది. ఆ మోత బాగుందని అలాగే ఉంచేశాడు. ఆ పాట మీద గాయకుడు జాకీ బ్రెన్‌స్టన్ పేరుంది, బ్యాండు నడిపిన టర్నర్ పేరు లేదు. 1958 నాటికి ఆ తప్పును కావాలని చేసేవాళ్లు వచ్చారు. లింక్ రే తన స్పీకరుకు పెన్సిలుతో చిల్లులు పొడిచి ‘రంబుల్’ వాయించాడు. అందులో ఒక్క మాట కూడా లేదు. అయినా కుర్రకారును కొట్లాటకు రెచ్చగొడుతుందని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయలేదు. మాటల్లేని పాటకు నిషేధం పడటం అరుదైన గౌరవమే.

చెస్ రికార్డులు సముద్రం దాటాయి. 1961 అక్టోబరులో ఇంగ్లండులోని డార్ట్‌ఫోర్డ్ రైల్వే స్టేషనులో కీత్ రిచర్డ్స్‌కు చిన్ననాటి మిత్రుడు మిక్ జాగర్ కనిపించాడు. అతని చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ ఎల్పీలు ఉన్నాయి. స్నేహం మళ్లీ మొదలైంది ఆ ప్లేట్ల వల్లే. వాళ్ల బ్యాండు రోలింగ్ స్టోన్స్ పేరు మడ్డీ వాటర్స్ 1950లో వేసిన పాటనుంచి తీసుకున్నది. 1964 జూన్‌లో రోలింగ్ స్టోన్స్ చికాగో వెళ్లి చెస్ స్టూడియోలోనే పాటలు రికార్డు చేసి, ఒక వాద్యపు ముక్కకు ఆ భవనం చిరునామానే పేరుగా పెట్టారు.

అదే ఏడాది ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో కనిపించారు. చూసినవాళ్లు సుమారు 7 కోట్ల 30 లక్షలు. ఆ తర్వాత అమెరికాలో ఊరూరా హైస్కూలు కుర్రాళ్లు తక్కువ ధర గిటార్లు, ఆర్గన్లు కొని కారు షెడ్లలో సాధన మొదలుపెట్టారు. తర్వాతి కాలం వాళ్లు దీనికే గ్యారేజ్ రాక్ అని పేరు పెట్టారు. వాళ్లకు తెలిసిన బ్లూస్ చాలావరకు ఇంగ్లీషు బ్యాండ్ల రికార్డుల్లోది. చికాగో శివార్ల కుర్రాళ్లు షాడోస్ ఆఫ్ నైట్ పేరుతో బ్యాండు కట్టి, బెల్‌ఫాస్ట్ బ్యాండు దెమ్ పాడిన ‘గ్లోరియా’తో 1966లో పేరు తెచ్చుకున్నారు. చెస్ స్టూడియో వాళ్లున్న నగరంలోనే ఉంది. పక్కవీధి పాట రెండుసార్లు సముద్రం దాటి గానీ వాళ్ల చెవికి చేరలేదు. అమెరికాలో తెల్లవాళ్ల పేటలకూ నల్లవాళ్ల పేటలకూ మధ్య దూరం అంత.

గ్యారేజ్ రాక్‌కు గీటురాయి లాంటి పాట బీటిల్స్ రాకకు ముందే తయారైంది. ‘లూయీ లూయీ’ రాసినవాడు రిచర్డ్ బెర్రీ, లాస్ ఏంజెలిస్‌కు చెందిన నల్లజాతి గాయకుడు. 1957లో తనే పాడి వేశాడు. తర్వాత పెళ్లి ఖర్చుల కోసం హక్కుల్ని 750 డాలర్లకు అమ్ముకున్నాడు. ఆ ప్లేటు వాయవ్య తీరపు నాట్యశాలల్లో బాగా తిరిగింది. 1963 ఏప్రిల్లో పోర్ట్‌లాండ్ కుర్రాళ్లు కింగ్స్‌మెన్ ఊళ్లోని చిన్న స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. ఖర్చు యాభై డాలర్ల లోపే. మైకు పైన ఎత్తుగా వేలాడుతోంది. పాడే జాక్ ఈలీ మెడ సాచి అరవవలసి వచ్చింది. పళ్లకు తీగ కట్టు కూడా ఉంది. గిటారు అయ్యాక ఒక అడుగు ముందే పాట ఎత్తుకుని, నాలుక కరుచుకుని ఆగాడు. డ్రమ్మరు ఆ సందును చప్పుడుతో పూడ్చాడు. రెండోసారి పాడనేలేదు, ఆ పొరపాటుతోనే ప్లేటు వెలువడి దేశంలో రెండో స్థానందాకా పోయింది. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానివన్నీ బూతులై ఉంటాయని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే ఎఫ్‌బీఐ దర్యాప్తుకు దిగింది. ప్లేటును రకరకాల వేగాల్లో తిప్పి విన్నారు. ఏ వేగంలోనూ మాటలు తెలియడం లేదని తేల్చి ఫైలు మూశారు. నిజానికి అది ఓడెక్కబోయే ఒక నావికుడు జమైకాలో ఉన్న ప్రియురాలిని తలుచుకునే పాట. బెర్రీకి 1980లలో హక్కుల్లో కొంత భాగం తిరిగి దక్కింది.

అదే వాయవ్య తీరంలో టకోమా పట్టణానికి చెందిన సోనిక్స్ మోత పెంచడంలో అందరినీ మించిపోయారు. 1965 నాటి ‘హియర్ ఆర్ ది సోనిక్స్’ ఎల్పీలో డ్రమ్ములన్నిటికీ కలిపి ఒకే మైకు. ధ్వని సూచిక ఎర్రగీత దాటినా ఆపలేదు. జెర్రీ రోస్లీ గొంతు లిటిల్ రిచర్డ్ దగ్గర పాఠం నేర్చిందే కానీ గురువుకంటే మొరటు. మిషిగన్‌లో పొలం పనులకు వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు క్వశ్చన్ మార్క్ అండ్ ది మిస్టీరియన్స్ పేరుతో ‘96 టియర్స్’ను బే సిటీలో ఒక ఇంట్లో రికార్డు చేశారు. 1966 అక్టోబరులో అది దేశంలో మొదటి స్థానానికి చేరింది. టెక్సస్‌లో థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్, శాన్ హోసేలో కౌంట్ ఫైవ్ వంటి బ్యాండ్లు ఇంకా వందల్లో. చాలామందికి ఒక్క 45 చుట్ల ప్లేటుతోనే కథ ముగిసింది. కొందరు కాలేజీకి పోయారు, కొందర్ని సైన్యం వియత్నాంకు తీసుకుపోయింది.

మరుగునపడిన ప్లేట్లను 1972లో లెనీ కే 27 పాటలతో ‘నగ్గెట్స్’ అనే రెండు ఎల్పీల సంపుటంగా కూర్చాడు. ఎలెక్ట్రా కంపెనీ వేసింది. దాని అట్ట మీది రాతలో అతను వాడిన ‘పంక్ రాక్’ అన్న మాట నాలుగేళ్లకు లోకమంతటా మోగింది. బ్లూస్‌కు ఇలాంటి సేవ ఇరవై ఏళ్ల ముందే జరిగింది. 1952లో హారీ స్మిత్ తన దగ్గరున్న పాత 78 ప్లేట్లనుంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ సంస్థచేత సంపుటం వేయించాడు. అందులో మిసిసిపీ జాన్ హర్ట్ పాటలున్నాయి. అతని 1928 నాటి వేరొక పాటలో అవలాన్ అన్న ఊరి పేరు వస్తుంది. 1963లో ఒక యువకుడు పటంలో ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తే పశువులు కాచుకుంటూ హర్ట్ కనిపించాడు. మరుసటి ఏడాది టునికా ఆసుపత్రిలో స్కిప్ జేమ్స్ దొరికాడు. రోచెస్టర్‌లో దొరికిన సన్ హౌస్ గిటారు వదిలేసి ఏళ్లయింది, తన పాత పాటలు తనే మరిచిపోయాడు. ఆల్ విల్సన్ అనే కుర్రవాడు ప్లేట్లు విని నేర్చుకున్నవాటిని అతనికి తిరిగి చూపించాడు. శిష్యుడు గురువుకు పాఠం చెప్పడమంటే ఇదే.

డబ్బు లెక్క మాత్రం చాలాకాలం సరికాలేదు. పాటల హక్కులు చెస్ అన్నదమ్ములకు భాగమున్న ఆర్క్ మ్యూజిక్ చేతిలో ఉండేవి. విల్లీ డిక్సన్, మడ్డీ వాటర్స్ 1970లలో దావా వేసి రాజీకి తెచ్చారు. ‘హోల్ లాటా లవ్’ తన పాటనుంచి తీసుకున్నదని డిక్సన్ 1985లో లెడ్ జెపెలిన్ బ్యాండు మీద వేసిన దావా రెండేళ్లకు కోర్టు బయట పరిష్కారమైంది. ఆ తర్వాతి ముద్రణల్లో అతని పేరు చేరింది.

బ్లూస్, గ్యారేజ్ రాక్ మళ్లీ కలిసింది బేస్ గిటారు లేని బ్యాండ్లలో. చికాగోలో హౌండ్ డాగ్ టేలర్ ఒక జపాను చవక గిటారుతో, ఇంకో గిటారూ డ్రమ్ములూ తోడుగా ఆదివారాలు బారులో వాయించేవాడు. అతన్ని రికార్డు చేయడానికి తను పనిచేసే కంపెనీ ముందుకు రాకపోతే, బ్రూస్ ఇగ్లవర్ వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లు పెట్టి 1971లో అలిగేటర్ రికార్డ్స్ పేరిట తనే వేశాడు. 1986లో డెట్రాయిట్‌లో పుట్టిన గోరీస్ కట్టూ అదే: రెండు గిటార్లు, డ్రమ్ములు. ముగ్గురూ వాయించడం నేర్చుకుంటూనే వేదిక ఎక్కారు. ఆ ఊరివాళ్లే వైట్ స్ట్రైప్స్. జాక్ వైట్ గిటారు, మెగ్ వైట్ డ్రమ్ములు, అంతే. 1999 నాటి తొలి ఎల్పీని సన్ హౌస్‌కు అంకితమిచ్చారు. 2003లో వచ్చిన ‘ఎలిఫెంట్’ను లండన్‌లోని టో రాగ్ స్టూడియోలో, కంప్యూటరు లేకుండా ఎనిమిది ట్రాకుల టేపు మీద చేశారు. అందులోని ‘సెవెన్ నేషన్ ఆర్మీ’లో బేస్ అని లోకం అనుకునేది గిటారు శబ్దాన్ని ఒక స్థాయి దించే పెడల్ చేసిన పని. జాక్ వైట్ కంపెనీ థర్డ్ మ్యాన్ 2013లో పారామౌంట్ పాటల్ని పెద్ద పెట్టెగా తిరిగి తెచ్చింది.

ఉత్తర మిసిసిపీ కొండసీమలో మరో రకం బ్లూస్ సాగుతూనే ఉంది. అక్కడ మూడు పాదాల కట్టు ముఖ్యం కాదు, ఒకే శ్రుతి మీద ఒకే నడకను పట్టి వదలకపోవడం ముఖ్యం. 1991లో మొదలైన ఫ్యాట్ పాసమ్ కంపెనీ ఆర్. ఎల్. బర్న్‌సైడ్, జూనియర్ కింబ్రోలను అరవై దాటాక లోకానికి వినిపించింది. కింబ్రో తొలి ఎల్పీ 1992లో వచ్చింది. నిర్మాత సంగీత విమర్శకుడు రాబర్ట్ పామర్. 1996లో బర్న్‌సైడ్ పంక్ బ్యాండు జాన్ స్పెన్సర్ బ్లూస్ ఎక్స్‌ప్లోజన్‌తో కలిసి ఒక ఎల్పీ చేశాడు. పాత బ్లూస్ అభిమానులు మొహం చిట్లించారు, బర్న్‌సైడ్‌కు మాత్రం కొత్త శ్రోతలు దొరికారు. ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌కు చెందిన డాన్ ఆవర్‌బాక్, పాట్రిక్ కార్నీ ఆ రికార్డులు విని పెరిగినవాళ్లే. బ్లాక్ కీస్ పేరుతో 2003లో ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ను కార్నీ ఇంటి నేలమాళిగలో 14 గంటల్లో ముగించారు. 2006లో అచ్చంగా కింబ్రో పాటలతో ‘చులాహోమా’ వేశారు. 2021 నాటి ‘డెల్టా క్రీమ్’కు బర్న్‌సైడ్ పక్కన ఏళ్ల తరబడి గిటారు వాయించిన కెనీ బ్రౌన్‌ను, కింబ్రోతో వాయించిన ఎరిక్ డీటన్‌ను నాష్‌విల్‌కు పిలిపించుకుని, రెండు మధ్యాహ్నాల్లో, దాదాపు పది గంటల్లో రికార్డు పూర్తి చేశారు.